ఆపితే బాగుంటుందేమో

బట్టలు కుట్టే ఆ ఆరంతస్తుల కంపెనీలో లిఫ్టు మెకానిక్కును అందరూ మిల్లీమీటరు అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. లిఫ్టు బాగవడానికి ఎంతసేపని అడిగితే పదిహేడు నిమిషాలనేవాడు, పదిహేడో నిమిషానికి మీట నొక్కి చూపించేవాడు. కొత్త కర్టెన్లు ఎలా ఉన్నాయని పెళ్లాం ముచ్చటపడి అడిగితే, ఎడమది రెండు మిల్లీమీటర్లు పొట్టి అని చెప్పి, రెండు రోజులు ఆవిడ మాటకు నోచుకోలేదు. అంతటి ముక్కుసూటి మనిషి ఇవాళ విచారణ గదిలో కూర్చుని నీళ్లు నములుతున్నాడు.

మూడో అంతస్తులో కిటికీ లేని గది అది. కుట్టిన చొక్కాలు తొడిగి చూసే మొండెం బొమ్మల్ని గోడవారకు నెట్టి, మధ్యలో బల్ల వేశారు. బల్లకు అవతల హెడ్డాఫీసు నుంచి వచ్చిన ముగ్గురు కమిటీ వాళ్లు. వాళ్లకు తెలుగు ముక్క రాదు. ఇవతల ఒక పక్క మేనేజరు. రెండో పక్క, పిండికట్టు వేసిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆవిడ. పన్నెండు రోజుల కిందట బ్రేకు జారి సామాన్ల లిఫ్టు రెండో అంతస్తు నుంచి దబ్బున కిందపడింది. ఎంగిలి ప్లేట్ల బండితోపాటు అందులో ఉన్నది ఈవిడే. ఇంకో ఆపరేషన్ చేస్తేగాని ఆ కాలి సంగతి చెప్పలేమన్నారు.

తేలాల్సింది ఒక్కటే. బ్రేకు లైనింగు అరిగిందని మిల్లీమీటరు ముందే చూశాడు. లిఫ్టు ఆపెయ్యమని మేనేజరుకు చెప్పాడా, లేదా? చెప్పి ఉంటే తప్పు మేనేజరుది. చెప్పకపోతే ఇతని ఉద్యోగం ఊడుతుంది. గిన్నెలు తోమే ఆవిడకు మాత్రం అనుమానమే లేదు. "మా అన్న చెప్పే ఉంటాడు, ఆయన నోట్లో మాట దాగదు" అని ఆసుపత్రికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది.

చెప్పావా అని కమిటీ పెద్దావిడ ఇంగ్లీషులో అడిగింది. "కైండ్ ఆఫ్, మేడమ్" అన్నాడు. అలాగంటే ఏమిటందావిడ. "మోర్ ఆర్ లెస్" అన్నాడు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. టైపు చేస్తున్నతను చేతులు ఆపేశాడు. దాచాలని కాదు పాపం, ఇంగ్లీషంటే అతని నాలుకకు వచ్చింది అదే.

ఆ రోగం అంటించినవాడు స్పోకెన్ ఇంగ్లీషు మాస్టరు. ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అయింది, ఇంగ్లీషు వస్తేగాని ఇవ్వరన్నారు. సాయంత్రం పూట మూడు నెలలు క్లాసుకు వెళ్లాడు. మొదటిరోజే, ది లైనింగ్ ఈజ్ ఫైవ్ మిల్లీమీటర్స్ అని ఇతను తప్పు లేకుండా చెబితే, మాస్టరు చెవులు మూసుకున్నాడు. పోలీసువాడిలా మాట్లాడకూడదట. ఇంగ్లీషు వాళ్లు ఏదీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పరట. సార్ట్ ఆఫ్ అనాలి, మేబీ అనాలి, చివర ఆర్ సంథింగ్ తగిలించాలి. సూటిగా మాట్లాడినవాడు అదే వాక్యాన్ని మూడుసార్లు మెత్తబరిచి చెప్పాలి, అదీ అక్కడి శిక్ష. మిల్లీమీటరు ఆ శిక్ష అందరికన్నా ఎక్కువసార్లు అనుభవించి, చివరికి క్లాసులో ఫస్టు వచ్చాడు. ఏ పని చేసినా కొలతకు చేసేవాడు కదా, నసగడం కూడా అలాగే నేర్చుకున్నాడు.

అప్పుడు మేనేజరు గొంతు సవరించుకున్నాడు. లిఫ్టు పడడానికి ముందటి మంగళవారం ఈయన నా గదికొచ్చి అన్నది ఇదీ అంటూ అప్పజెప్పాడు. "సర్, ద బ్రేక్ ఈజ్ కైండ్ ఆఫ్ వోర్న్. మేబీ వీ కుడ్ స్టాప్ ద లిఫ్ట్ ఆర్ సంథింగ్, సమ్‌టైమ్."

బ్రేకేదో కాస్త అరిగినట్టుంది, ఎప్పుడో ఓసారి లిఫ్టు ఆపితే బాగుంటుందేమో. మేనేజరు మంచివాడేమీ కాదు, కాని ఇందులో అబద్ధం లేదు. ఇన్నాళ్లూ మిల్లీమీటరు తను గట్టిగా హెచ్చరించాననే అనుకున్నాడు. ఇప్పుడు మేనేజరు గది, అక్కడి బల్ల, తన నోటి మాట అన్నీ గుర్తొచ్చాయి. మేనేజరుకు తెలుగొచ్చు. అయినా ఆ రోజు ఇంగ్లీషులోనే చెప్పి, నీ ఇంగ్లీషు బాగా మెరుగుపడిందే అనిపించుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. ఫోర్‌మన్ అయిపోయినట్టే అనుకున్నాడు.

అవునో కాదో చెప్పమంది పెద్దావిడ. మేనేజరు గదిలో ఆ రోజు మూడో మనిషి లేడు. అవునని ఒక్క మాట అంటే నమ్ముతారు, అతని పేరే సాక్ష్యం. కాదంటే ఇంటికి పోవాలి. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడాడు.

"ఏమడుగుతున్నారన్నా?" అని పక్క నుంచి మెల్లగా అడిగింది గిన్నెలు తోమే ఆవిడ.

"లిఫ్టు ఆపెయ్యమని చెప్పానా అని."

"చెప్పావుగా మరి. ఆ మాటే చెప్పెయ్యి."

అతను ఆవిడ కాలి వైపు చూశాడు. తెలుగులో అడిగితే అతనికి తప్పించుకోవడం చేతకాదు.

"చెప్పలేదమ్మా. ఆపితే బాగుంటుందేమో అన్నాను. అదీ ఇంగ్లీషులో. రెండు మిల్లీమీటర్లే మిగిలిందని, ఎవరూ ఎక్కకూడదని నాకు తెలుసు."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు.

"నాతో ఓ మాట అనాల్సిందన్నా" అంది. "నాకు తెలుగే కదా వచ్చు."

ఆవిడ ఏమంటోందని కమిటీ పెద్దావిడ అడిగింది. మిల్లీమీటరు లేచి నిలబడి, తను ఆపమని చెప్పలేదన్న మాటా, ఆవిడ అన్న మాటా ఒక్క అక్షరం మెత్తబడకుండా ఇంగ్లీషులో చెప్పాడు. రాసుకోమన్నాడు.