ఓర్చుకున్నంత వేడి

నెయ్యి నల్లబడడం మొదలయింది. సంగప్ప కంచు గిన్నె అడుగును ఎదుటి మనిషి మడమకు ఆనించి, అరికాలి గుంట మీదుగా వేళ్ళ మొదళ్ళ దాకా గుండ్రంగా తిప్పుతూ రుద్దుతున్నాడు. పాదం ఒక లారీ డ్రైవరుది. బొంబాయి రోడ్డు మీద పదిహేనేళ్ళుగా బ్రేకు తొక్కి తొక్కి రాత్రిళ్ళు మంటలెత్తిపోతున్న కుడికాలు. మంట దిగుతోందా అని సంగప్ప ఎవరినీ అడగడు. గిన్నె కింద నెయ్యి కాటుకలా నల్లబడితే ఒంట్లో వేడి దిగినట్టేనని జహీరాబాద్‌లో అందరికీ తెలుసు. అది కంచుకూ నెయ్యికీ మధ్య జరిగే సంగతేగాని వేడితో దానికి సంబంధం లేదని వాదించే చదువుకున్నవాళ్ళు కూడా, నొప్పి పుట్టినప్పుడు మాత్రం ఇక్కడికే వచ్చి బుద్ధిగా కాలు చాపుతారు.

బస్టాండు వెనక సందులో రేకుల కప్పు కింద ఉంది విరూపాక్షయ్య వైద్యశాల. అయ్య ముందు గదిలో కూర్చుని నాడి చూస్తాడు. వెనక గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని సంగప్ప కాళ్ళు చూస్తాడు. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. తెల్లవారగానే వావిలాకు దంచి రసం తీయడం, నువ్వుల నూనెలో పోసి చెమ్మ ఇంకేదాకా సన్నని సెగ మీద కాచడం, తరువాత వచ్చినవాళ్ళ పాదాలకు మర్దనా. మనిషి పొట్టి. మెడలో గుడ్డలో చుట్టిన లింగం. నూనెలో నాని నాని అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. కుడిచేతి బొటనవేలు వెనక్కి వంగి అలాగే నిలిచిపోయింది. అతనికి మొహాలు గుర్తుండవు. ఎప్పుడో వచ్చిన మనిషి మళ్ళీ వచ్చి నమస్కారం పెడితే తెల్లమొహం వేస్తాడు, చెప్పులు విప్పగానే ఊరూ పేరూ చెబుతాడు. ఊళ్ళో అతన్ని ‘కాళ్ళ సంగప్ప’ అంటారు. ఎదురుగా అన్నా నవ్వి ఊరుకుంటాడు.

నవ్వలేనిది అతని భార్య శరణమ్మ. నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడితే, ‘మీ ఆయన ఇయ్యాల ఎవరి కాళ్ళు పట్టిండే?’ అని ఎవరో ఒకరు అనకమానరు. ఆ మాట ఆమె పాతికేళ్ళు దిగమింగింది. ఒక్క కాన్పు అయి అదీ నిలవని ఇంట్లో ఆమెకు మిగిలిన పరువల్లా ఈ ఒక్క మొగుడే. ఆ మొగుణ్ణి కనీసం తన గడప లోపలైనా తలెత్తుకుని కూర్చోబెట్టాలని ఆమె పట్టుదల.

ఆమె కాళ్ళ నొప్పికి నాలుగేళ్ళు. షావుకారు గోదాములో అల్లం కడిగే పని ఆమెది. తొట్టిలో అల్లం పోసి, నీళ్ళు పట్టి, మట్టి వదిలేదాకా కాళ్ళతో తొక్కాలి. మొదట అరికాళ్ళు చీమలు పాకినట్టుండేవి. తరువాత సూదులు. తరువాత మంట. పడుకోబోయే ముందు తడి గోనెసంచి మీద పాదాలు పెట్టుకుని, పళ్ళు బిగబట్టి కూర్చునేది. ఊరందరి నొప్పీ వేళ్ళతో తీసేసే మనిషి పక్కనే ఉన్నాడు. ఒకసారి అతను నూనె గిన్నె తెచ్చి ఆమె కాలు అందుకోబోయాడు. శరణమ్మ నిప్పు తాకినట్టు కాలు వెనక్కి లాక్కుని, అతని పాదాలు తాకి కళ్ళకద్దుకుంది.

“మొగుడు పెండ్లాం కాళ్ళు పడితే నాకు పాపం తగులుతది. ఊరందరి కాళ్ళు పడుతవు. ఇంట్ల గూడ పట్టాల్నా?” అంది.

అప్పటినుంచి వాళ్ళకొక పద్ధతి ఏర్పడింది. సంగప్ప గోడకు ఆనుకుని తన పాదం తనే ఒళ్ళో పెట్టుకుని రుద్దుకుంటూ చూపిస్తాడు. శరణమ్మ అవతలి గోడ దగ్గర కూర్చుని అతన్ని చూస్తూ తన పాదం తను రుద్దుకుంటుంది. మడమ, గుంట, వేళ్ళ సందులు. ఎవరైనా తొంగిచూస్తే నవ్విపోదురు. ఆమె వేళ్ళకు ఆ పట్టు రాలేదు, వస్తుందని అతనూ అనుకోలేదు. నాలుగేళ్ళు గది ఈ చివరన కూర్చుని చేతకాని చూపులు చూశాడు.

ఈమధ్య అతనే సొంతంగా ఒక తైలం కాచాడు. దానితోబాటు ఇంటి కాపడం ఒకటి చెప్పి, మండలం, అంటే నలభై రోజులు, నిండేదాకా ఆపొద్దని మరీ మరీ చెప్పాడు. పన్నెండు రోజుల కిందట శరణమ్మ నిద్రలేచి, “నొప్పి లేదు” అంది. ఆ మరునాడూ లేదంది. ఆ రాత్రినుంచి గోడల దగ్గర ఎదురెదురుగా కూర్చోవడం ఆగిపోయింది. సంగప్పకు ఏం చేయాలో తోచలేదు. బతుకులో ఎన్నడూ గొప్పలు చెప్పుకోనివాడు, ఆ రోజునుంచి వచ్చినవాడికల్లా చెప్పాడు. అయ్యకు చెప్పాడు. పక్కింటి తారాబాయికి చెప్పాడు. ఇప్పుడు ఈ లారీ డ్రైవరుకూ చెబుతున్నాడు.

“మా ఇంటామెకు నాలుగేండ్ల నొప్పి. నా చేతులతోని కాసిన నూనె. ఇడిసిపోయింది,” అన్నాడు గిన్నె తిప్పుతూ.

డ్రైవరు కళ్ళు మూసుకునే తలూపాడు.

ఆ పొద్దున మాత్రం శరణమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఏమైందని అడిగితే, “జర ఒళ్ళు వెచ్చగున్నది. నువ్వు పో, అయ్య ఎదురుచూస్తడు,” అంది. చలి పోతూ ఎండ ముదిరే రోజులు, ఎవరికి వెచ్చగా లేదు కనక అనుకుని వచ్చేశాడు.

మధ్యాహ్నం రాయికోడ్ నుంచి రామ్‌కిషన్ వచ్చాడు. చెరకూ అల్లమూ పండించే మోతుబరి. ఆరు నెలల కింద ఇద్దరు పట్టుకుంటే తప్ప నడవలేనివాడు. ఇప్పుడు కొత్త బెల్లపు ముద్ద చేతిలో పట్టుకుని తనంతట తానే మెట్టెక్కాడు.

“నొప్పి మొత్తానికి పోయింది అయ్యా. మీ మందు గట్టిది,” అన్నాడు.

విరూపాక్షయ్య బెల్లం అందుకోలేదు. ఆయన చూపు రామ్‌కిషన్ కాళ్ళ మీద ఉంది. ఎడమకాలి చెప్పు గుమ్మం అవతలే జారిపోయింది, అది ఆ మనిషికి తెలియలేదు. అయ్య అతన్ని వెనకగదిలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. సంగప్పకు సైగ చేశాడు. ఇది వాళ్ళకు అలవాటైన పరీక్షే. సంగప్ప తుమ్మముల్లు తీసుకుని రామ్‌కిషన్ చిటికెనవేలి కింద గుచ్చాడు.

“ఏ వేలు పటేలా?” అన్నాడు అయ్య.

“ముట్టుకోకుంటనే అడుగుతున్నవేంది?” అని నవ్వాడు రామ్‌కిషన్.

వేలి కింద రక్తపు చుక్క నిలిచింది.

“కండ్లు తెరువు,” అన్నాడు అయ్య మెల్లగా. “నొప్పి ఉందంటే నరం బతికున్నట్టు. మందుతోని నొప్పి తగ్గితే, ముట్టుకుంటే తెలుస్తది. ముట్టుకున్నా తెలుస్తలేదంటే అది తగ్గుడు కాదు పటేలా, నరం సచ్చినట్టు. నా దగ్గర దీనికి మందు లేదు. పట్నం పెద్ద దవాఖానకు పో. రేపు మాపనకు. అప్పటిదాంక ముల్లు దిగినా, నిప్పు తొక్కినా నీకు ఎరుక గాదు. రోజూ కాళ్ళు చూసుకో.”

రామ్‌కిషన్ తన పాదాన్ని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. ఆ మాటలు సంగప్ప ఇదివరకు పదిసార్లన్నా విన్నాడు. విని, ముల్లు కడిగి డబ్బాలో పెట్టేవాడు. ఈసారి ముల్లు చేతిలోంచి జారింది.

“అయ్యా, నేను ఇంటికి పోయొస్త,” అన్నాడు.

అయ్య అతని మొహం చూసి ఎందుకని అడగలేదు.

రైలు పట్టాలు దాటి ఇల్లు చేరేసరికి సంగప్ప చొక్కా చెమటతో తడిసిపోయింది. గుమ్మంలో తారాబాయి నిలబడి ఉంది.

“పొద్దుగాల్సంది బయటికి రాలే సంగప్పా. పిలిస్తే ఊ అంటున్నదంతే,” అంది.

శరణమ్మ ఇంకా గోడవైపే తిరిగి ఉంది. చాప మీద రెండు పాదాలూ చీర కింద దాచుకుంది. వావిలాకు నూనె వాసన గది నిండా ఉంది. ఆ వాసన కింద మరో వాసన. ఇరవై ఏడేళ్ళుగా పాదాలు చూస్తున్నవాడికి అదేమిటో చెప్పనక్కర్లేదు. కాళ్ళ దగ్గర కూర్చుని చీర అంచు ఎత్తి, కుడికాలికి చుట్టిన గుడ్డ విప్పాడు. మడమ మీద చర్మం ఊడి వేలాడుతోంది. పుండు అంచులు నల్లబడ్డాయి. చీలమండ దాటి పిక్క దాకా వాపు పాకింది. అతను ఎడమ అరచేతిలోకి ఆ పాదాన్ని తీసుకున్నాడు. కుడి బొటనవేలు అరికాలి గుంటలో ఆనించి నొక్కాడు.

“ఒచ్చినవా?” అంది శరణమ్మ గోడతో మాట్లాడుతున్నట్టు. “అన్నం గంప కింద పెట్టిన. తిను.”

ఆమె పాదం అతని చేతుల్లో ఉందన్న సంగతి ఆమెకు తెలియలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి భార్య కాలు పట్టుకుని సంగప్ప ఏడ్చాడు. ఆ ఏడుపు విని ఆమె ఇటు తిరిగింది. చూసింది. కాలు లాక్కోబోయింది గాని సత్తువ లేదు.

“ఇడువు. నీకు దండం పెడుత, ఇడువు.”

“ఎన్నొద్దులయింది?”

“తొమ్మిది.”

“ఏం జేసినవ్?”

“నువ్వు చెప్పిందే చేసిన. ఇటుక కాల్చి, జిల్లేడాకు పరిచి, మడిమె ఆనించి కాపుకున్న. నొప్పి పోయినా మండలం ఆపొద్దంటివి గదా.”

“ఎంత వేడి పెట్టినవ్ శరణమ్మా?”

ఆమె ఆశ్చర్యంగా చూసింది. “ఓర్సుకున్నంత వేడి పెట్టుమంటివి. నేను మస్తు ఓర్సుకున్న.”

అదే మాట అతను వేలమందికి చెప్పాడు. అది తప్పు మాట కాదు. నొప్పి తెలిసే కాలికి దానంత మంచి మాట లేదు.

“పుండయినంక నాకెందుకు చెప్పలే?” అన్నాడు చివరికి.

“ఎట్ల చెప్పాలె? నీ మందు పనిజేసిందని అందరికీ చెప్పుకున్నవు. నీ మొకం అంత సంబరంగ ఎన్నడు చూడలే. కాపుతుంటె ఎండుతదనుకున్న.”

తారాబాయి రిక్షా పిలుచుకొచ్చింది. దవాఖానలో డాక్టరు కాలు చూసి, మూత్రం పరీక్ష చేయించి, చక్కెర రోగం ముదిరిందనీ విషం ఒళ్ళంతా ఎక్కిందనీ చెప్పాడు. సూది వేశాడు. ఉన్న ఒక్క జీపూ అంతకుముందే ఒక కాన్పు కేసుతో పోయింది. వచ్చిన బస్సెక్కించి ఇప్పుడే పట్నం తీసుకుపొమ్మన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, ఆశ కూడా లేదు.

బస్టాండులో బస్సు లేదు. ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు చిరాగ్‌పల్లి దాకా రోడ్డు నిండి ఆగిపోయాయి. ఎక్కడో ముందర బండి ఇరుసు విరిగిందని ఎవరో అన్నారు. సిమెంటు అరుగు మీద తారాబాయి ఒళ్ళో తల, సంగప్ప ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని శరణమ్మ పడుకుంది. జనం అటూ ఇటూ పోతూ చూస్తున్నారు. కాళ్ళ సంగప్ప నడిబజారులో పెళ్ళాం కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పుండు లేని ఎడమ పాదాన్ని పట్టి రుద్దసాగాడు. మడమ, గుంట, వేళ్ళ సందులు. ఇన్నేళ్ళ పనిలో ఎవరినీ అడగనిది ఆమెను అడిగాడు.

“తెలుస్తున్నదా?”

శరణమ్మ కళ్ళు సగం తెరిచింది. అతని మొహం చూసింది.

“ఆఁ, తెలుస్తున్నది,” అంది. “నీ చేతులు మెత్తగున్నయ్.”

అబద్ధమని అతనికి తెలుసు. అయినా నమ్మాడు. నమ్మి ఇంకా శ్రద్ధగా రుద్దాడు. ఎండ వాలింది. చెరకు బండ్లు ఒకటొకటే కదిలాయి. దుమ్ములోంచి పట్నం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు దిగి సంగారెడ్డి, పట్నం అని కేకలు పెట్టాడు. సంగప్ప తలెత్తలేదు. తారాబాయి తన ఒళ్ళోని తల మీద కొంగు సర్ది, అతని భుజం తట్టింది.

“సంగప్పా, ఇగ ఆపు.”

అతను ఆ పాదాన్ని చివరిదాకా, చిటికెనవేలి దాకా రుద్ది, చీర కప్పి, అప్పుడు ఆపాడు.

రిక్షాలోనే ఇంటికి తెచ్చారు. విరూపాక్షయ్య వైద్యశాల మూసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సంగప్ప భుజం మీద చేయి వేయబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. మెడలో లింగం కట్టేవాళ్ళ ఆచారం ప్రకారం పోయిన మనిషిని గోడకు ఆనించి కూర్చోబెట్టాలి. కాళ్ళు మడవడానికి నలుగురు ముందుకు వస్తే సంగప్ప వాళ్ళను ఆపి తనే మడిచాడు. ఈసారి వద్దనేవాళ్ళు లేరు.

చావు ఇంట్లో పొయ్యిలో నిప్పు ఉండకూడదని తారాబాయి బూడిద ఎత్తడానికి వంగింది. “అబ్బ” అని చేయి వెనక్కి లాక్కుంది. పట్టుకారుతో బూడిదలోంచి తీసి, పక్కనే నాలుగు మడతలు పెట్టి ఉంచిన సంగప్ప పాత పంచె ముక్క మీద దించింది. మధ్యాహ్నం పూట కాపడానికని పెట్టుకున్న ఇటుక, ఇంకా కాలుతూనే ఉంది.