గడ్డిపై నడవరాదు

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, డ్రిల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఉద్యోగం అయిపోయింది గానీ మెడలో ఈల మాత్రం మిగిలిపోయింది. ఊదడానికి పిల్లలు లేక కొన్నాళ్లు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి మా వీధి చివర పార్కుకు కమిటీ అధ్యక్షుడయ్యారు. ఇక ఆ పార్కు ఖర్మ ఏం చెప్పను.

ఆదివారం సాయంత్రం ఆ పార్కు వైభవం చూపిస్తానని ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆయన గొప్పలు వినే ఓపిక నాకు లేదు. కానీ మా అమ్మాయి కాలికి కట్టు విప్పేశారు. ఎముక అతుక్కుంది, ఇక మెత్తటి నేల మీద చెప్పుల్లేకుండా నడిపించమన్నాడు డాక్టరు. ఆరేళ్ల పిల్ల, పడిపోతానన్న భయంతో నా కొంగు వదిలి ఒక్క అడుగు వేయడం లేదు. ఇలాగే వదిలేస్తే భయం పోదు, కాలు ఈడ్చడమే అలవాటైపోతుందని కూడా హెచ్చరించాడు. మా వైపు మెత్తటి నేలంటే ఆ పార్కు గడ్డి ఒక్కటే. అందుకే నోరు మూసుకుని వెళ్లాను.

పార్కు అద్దంలా ఉంది, ఒప్పుకోవాలి. అద్దంలాగే ముట్టుకోవడానికి మాత్రం వీల్లేదు. పిల్లలు ఊగితే రంగు పోతుందని ఉయ్యాలల గొలుసులు పైకి చుట్టి కట్టేశారు. జారుడుబల్ల మెట్లకు అడ్డంగా తాడు కట్టారు. బొమ్మ రైలు మీద టార్పాలిన్ కప్పారు. ఫౌంటెన్ అయితే పోటీకి మార్కులేసేవాళ్లు వచ్చినప్పుడే ఎగురుతుందట. ఉత్తమ పార్కుల పోటీలో ఈసారి కూడా షీల్డు మనదేనని బావగారు చెబుతుంటే మా ఆయన తలూపుతూనే ఉన్నారు. అన్నగారు నందంటే నంది, పందంటే పంది.

గడ్డి అంచున నడుమెత్తు బోర్డులు వరసగా పాతించారు. అన్నిటి మీదా ఒకటే ముక్క, గడ్డిపై నడవరాదు అని. నేను డాక్టరు చెప్పింది చెప్పి, పిల్లను కాసేపు నడిపిస్తానని అడిగాను.

"ఇవాళ నీ కూతురంటావు, రేపు ఊరంతా వస్తుందమ్మా. రూలంటే రూలే," అన్నారు బావగారు.

మా ఆయన ఫౌంటెన్ వైపు చూస్తున్నారు. అన్నదమ్ముల్లో ఎవరిని ఎక్కువ అసహ్యించుకోవాలో నాకు తేలలేదు.

పిల్ల చెప్పులు విప్పి, మొదటి బోర్డు పక్కన గడ్డి మీద నిలబెట్టాను. అది పాదాల కింద మెత్తదనానికి కాసేపు ఆశ్చర్యపోయి, నా కొంగు వదిలింది. ఒక అడుగు వేసింది. రెండోది వేయబోతుంటే ఈల మోగింది. పిల్ల ఉలిక్కిపడి అక్కడే కూలబడి, కాళ్లు ముడుచుకుని ఇక లేవనంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు మా అత్తగారు చెప్పులు విడిచింది. ఆవిడ పెద్దకొడుక్కి ఎదురు చెప్పడం నేనెన్నడూ చూడలేదు. నిజం చెప్పాలంటే అందుకే ఆవిడంటే నాకు పెద్ద గౌరవమూ లేదు. చెప్పులు బోర్డు పక్కన జతగా పెట్టి గడ్డిలోకి నడిచింది. బావగారి చెయ్యి అలవాటుగా ఈల మీదికి పోయింది. కన్నతల్లని కూడా చూడకుండా ఊదేశారు.

పార్కంతా తిరిగి చూసింది. అత్తగారు ఆగలేదు. పిల్ల దగ్గరికి వెళ్లాక గానీ వెనక్కి తిరగలేదు.

"ఊదుకోరా. రెండేళ్లు దాటినా నీకు నడక రాకపోతే, రోజూ ఎత్తుకొచ్చి ఈ గడ్డి మీదే దింపేదాన్ని. నువ్వు పడ్డప్పుడల్లా తోటమాలి నవ్వేవాడే గానీ, ఒక్కనాడూ పొమ్మనలేదు."

ఈల బావగారి నోట్లోనే ఉంది, కూత మాత్రం రాలేదు. ఎటు తలూపాలో తెలియక మా ఆయన నిలబడిపోయారు.

పిల్ల నాయనమ్మ చెయ్యి కోసం చూసింది. ఆవిడ చెయ్యి ఇవ్వకుండా బోర్డు చూపించింది. పిల్ల పాక్కుంటూ వెళ్లి దాన్ని పట్టుకుని లేచింది. వదిలి, రెండడుగులు తూలుతూ వేసి, తర్వాతి బోర్డు అందుకుంది. మళ్లీ వదిలింది. అలా బోర్డు నుంచి బోర్డుకు వెళ్తుంటే అడుగులు కుదురుకున్నాయి, కాలు ఈడ్చడం తగ్గింది. నేను కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి చూస్తున్నాను.

ఆఖరి బోర్డు బావగారి పక్కనే ఉంది. పిల్ల అక్కడిదాకా వచ్చి, ముందుకు చూస్తే పట్టుకోవడానికి ఇంకేమీ కనిపించలేదు. తలెత్తి ఆయన్నే అడిగింది.

"పెదనాన్నా, ఇంకోటి పాతించవా?"