రెండో పాల కోడికూర

నా రాతలో ఒత్తులు తప్పుతాయి, మన్నించండి. యాభై ఎనిమిదో ఏట వయోజన బడిలో పలక పట్టినదాన్ని. ఈ కాస్త రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అయినా ఈ సంగతి ఇంకొకరి చేత రాయించదలచుకోలేదు.

మా ఆయన మునస్వామి నగరిలో మగ్గం నేసేవాడు. పెళ్లికి ముందు ఆరేళ్లు ఇండోనేషియాలో, మెడాన్ అనే ఊళ్లో బట్టల అంగడిలో పనిచేశాడు. అక్కడి కోడికూర ఒకటి నాకు నేర్పాడు. అందులో మిరపకాయ పడదు. ధనియాలు, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి నూరి, నిమ్మగడ్డి, అల్లంలాంటి దుంపరాష్ట్రం ముక్క వేసి కొబ్బరిపాలలో ఉడికించాలి. ఆయనకు కడుపులో పుండు పడ్డాక డాక్టరు నూనె, కారం వద్దన్నాడు. అప్పటినుంచి కోడి తోలు ఒలిచేసి, చిక్కటి మొదటి పాలు పక్కన పెట్టి, పలచని రెండో పాలతోనే వండేదాన్ని. చివరి మూడేళ్లు ఆయన తిన్న మాంసం అదొక్కటే.

ఆయన పోయిన ఏడు, పెద్దల అమావాస్యకు మా తోడికోడలు వనజాక్షి వండింది. మొగుడు పోయిన ఆడది పెద్దలకు పెట్టే కూర వండకూడదని మా ఇళ్లలో కట్టుబాటు. నూనె తేలే ఎర్రటి పులుసు ఆయన పటం ముందు పెట్టారు. బతికుండగా అది ఒక్క ముద్ద తిన్నా మెలికలు తిరిగిపోయేవాడు. నేను నోరు మూసుకుని చూశాను. అది నా తప్పే.

మరుసటి ఏడు పొయ్యి నేనే అంటించాను. వనజాక్షి వచ్చి తపేలాలోకి తొంగి చూసింది.

"ఏందక్కా, తోలు ఒలిచేసినావు? పసుపు పూసి కాల్చాల గదా!"

"ఆయనకు అరగదు."

"సచ్చిపోయినోడికి అరిగేదేంది, అరగనిదేంది!"

"అట్లయితే ఎర్రపులుసు ఎవురికోసరం? నీ మొగుడికా?"

ఆ మొగుడే, మా మరిది చౌడప్ప, వెనకాలే వచ్చాడు.

"ఇది కూరా, బియ్యం కడిగిన నీళ్లా? వదినా, నువ్వు వండిందే తప్పు. దాయాదులెవురూ ఈడ చెయ్యి కడగరు. ఇంక మంచికీ చెడ్డకీ మమ్మల్ని పిలవాకు."

అది ఉత్త బెదిరింపు కాదు. దాయాదులు తినకుండా లేచిపోయిన ఇంటికి ఎవరూ సాయం రారు. మగ్గానికి కొత్త పడుగు వీధిలో సాగదీయాలంటే పదిమంది చేతులు కావాలి. నా బతుకు ఆ మగ్గం మీదే.

"మీ అన్న ఏం తినేవాడో నీకు తెలీదా అబ్బా?"

"అది వైద్యం. ఇది శాస్త్రం."

"శాస్త్రం వచ్చి తినదు. తినేది నా మొగుడు. ఆయనకేం పెట్టాలో నాకు తెలుసు. కూసుంటే కూసో, పోతే పో."

చౌడప్ప వెళ్లిపోయాడు. వనజాక్షి గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, తనూ వెళ్లింది. పటం ముందు కూర పెట్టి కర్పూరం వెలిగించాను. మామూలుగా నా విస్తరి అందరూ తిన్నాక, వంటింట్లో. ఆ రోజు నడవలో, మొదటి విస్తరి ముందు కూర్చుని కడుపునిండా తిన్నాను.

ఆ నెల నా పడుగుకు ఒక్క చెయ్యీ రాలేదు. మగ్గం విప్పి బండికెత్తించాను. పుత్తూరులో మా చెల్లెలి వీధిలో మళ్లీ బిగించాను. ఏటా ఆ కూర నేనే వండుతున్నాను. కాలూ చెయ్యీ ఆడినన్నాళ్లూ వండుతాను. తప్పన్నవాళ్లు తినకపోతే పోనీ.

చెంగమ్మ, అరవై రెండేళ్లు, పుత్తూరు.