ఎడమ బూటుకి చిల్లి

ఒకే బంతికి మూడు స్టంపుల్నీ విరగ్గొట్టిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. విరిగిన ముక్కల్లో ఒకటి గాల్లో గిరికీలు కొట్టి, స్కోరు రాసే ఆయన టీ కప్పులో పడితే, ఆయన తల కూడా ఎత్తకుండా దాంతోనే చక్కెర కలుపుకుని తాగేశాడు. నమ్మనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నమ్మేవాళ్ళు నా వెంట ఆ మొనగాడి బావగారి చెప్పుల కొట్టులోకి రండి.

గడప దాటగానే జిగురు వాసన ముక్కు పట్టుకుంటుంది. గోడ నిండా చీటీలు కట్టిన చెప్పులు, బూట్లు. ముందు బల్ల దగ్గర మొనగాడి అక్క కూర్చుని చీటీలు రాస్తుంది. వెనకాల ముక్కాలి పీట మీద బావ కూర్చుని, ఒడిలో బూటు పెట్టుకుని, చేతులతో పనీ నోటితో వేళాకోళమూ ఒకేసారి కానిస్తుంటాడు. పదకొండేళ్ళుగా మనవాడి బూట్లు మైదానం మొహం చూసే ముందు ఆయన మొహం చూడాల్సిందే. కంపెనీవాళ్ళు పంపిన కొత్త జత డబ్బాలోంచి తీయగానే, ఎడమ బూటు ముందు భాగంలో బొటనవేలంత చిల్లి కోస్తాడు. ఫాస్ట్ బౌలరు బంతి వదిలేటప్పుడు ఒంటి బరువంతా ఆ ఒక్క పాదం మీదే పడుతుంది. చిల్లి లేకపోతే బొటనవేలు బూటుని తన్నుకుని, గోరు నల్లబడి ఊడిపోతుంది.

"కంపెనీవాళ్ళు చూస్తే ఏడుస్తారు బావా," అనేవాడు మొదట్లో.

"ఏడవనీ. వేలు వాళ్ళది కాదుగా."

పేపర్లవాళ్ళు అతన్ని ఉరుము అని రాసేవారు. బావ మాత్రం నత్త అనేవాడు.

"ఏమోయ్ నత్తా, నిన్న బయల్దేరి ఇప్పటికి చేరావా?" అన్నాడు ఆ రోజు మధ్యాహ్నం, బూట్ల డబ్బాతో లోపలికొచ్చిన బావమరిదిని చూసి.

"నాలుగింటికి కెప్టెన్ ఫోన్ చేస్తాడు. వస్తున్నానో లేదో చెప్పాలి. ఈలోపు కోసెయ్యి బావా."

"చెప్పడానికేముందిరా? డాక్టరు సరేనన్నాడుగా," అంది అక్క.

డాక్టరైతే అన్నాడు. నాలుగు రోజుల్లో విమానం. సముద్రం అవతల ఆట. మనవాడి ఖాతాలో రెండు వందల తొంభై ఆరు వికెట్లు. ఇంకో నాలుగు పడితే మూడు వందలు. ఆ నాలుగు గురించి అడగని మనిషి లేడు. అతనికి మాత్రం అవి పక్కింటివాళ్ళకి రావాల్సిన ఉత్తరాల్లా ఉండేవి.

మొన్న డాక్టరు అతని ఎడమ కాలు ఒళ్ళో పెట్టుకుని చీలమండ నొక్కాడు. "ఇక్కడ నొప్పి ఉందా?" లేదు. మడమ నొక్కాడు. "ఇక్కడ?" లేదు. కాయితంలో 'నొప్పి లేదు' అని రాసి సంతకం పెట్టాడు. మనవాడు అబద్ధమాడలేదు. మూడేళ్ళపాటు ప్రతి ఆటకి ముందూ ఆ కాలికి నొప్పి తెలియని సూది పొడిపించుకుని, ఆ మొద్దు కాలితోనే పరిగెత్తాడు. ఇప్పుడు సూది అక్కర్లేకుండానే నొప్పి పోయింది. నొప్పితోపాటు మిగతావీ పోయాయి. డాక్టరు వాటి సంగతి అడగలేదు. అడగనిది చెప్పకపోతే తప్పేం కాదనుకున్నాడు.

ఆ మొద్దుబారడం ఒక్క కాలితో ఆగలేదు. కిందటి ఆటలో వికెట్ పడితే అందరూ పరిగెత్తుకొచ్చి మీద పడ్డారు. ఎవరి చెయ్యి ఎక్కడ ఉందో లెక్క పెట్టుకుంటూ నిలబడ్డాడు. జనం కేకలు గోడవతల రేడియోలా వినిపించాయి. హోటల్ గదికెళ్ళి, బూటు లేసులు విప్పకుండానే మంచం మీద కూర్చుని, తెల్లగోడ వైపు గంటసేపు చూశాడు.

బావ చిల్లి కోశాడు. మడమ కింద అదనంగా తోలుముక్క వేసి నాలుగు చిన్న మేకులు దిగ్గొట్టాడు. మేకు మొన బూటు లోపలికి పొడుచుకొస్తుంది. దాన్ని వంచి అణగ్గొట్టాలి. ఒకటి వంచాడు, రెండు వంచాడు, మూడు వంచాడు.

"నిన్నొకాయన ఒక్క చెప్పే పట్టుకొచ్చాడోయ్. రెండోదేదయ్యా అంటే, దానికేం, అది ఇంట్లో బాగానే నడుస్తోంది అన్నాడు."

తన మాటకి తనే పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగేసరికి సుత్తి పక్కన పెట్టేసి ఉంది. నాలుగో మేకు సంగతి మర్చేపోయాడు.

మనవాడు బూట్లు వేసుకుని వెనక సందులోకి వెళ్ళాడు. దీపస్తంభం దగ్గర్నుంచి మురుగుకాలువ మూత దాకా సరిగ్గా పద్దెనిమిది అంగలు. చిన్నప్పట్నుంచీ అతని కొలత అదే. స్తంభం దగ్గర ఆగి, వంగి, పరుగందుకున్నాడు. చివరి అంగలో ఎగిరి ఎడమ పాదం ధడాల్న మూత మీద మోపాడు. నిద్రపోతున్న కుక్క లేచి చోటు మార్చుకుంది.

స్టంపులు విరిగిన రోజూ ఇదే పరుగు. మూడన్నాను కదూ? ఒకటే లెండి. అదైనా విరగలేదు, చీలింది. అంతకుముందే చెద పట్టిందని మైదానం చూసుకునే ఆయన తర్వాత నాతో చెప్పాడు. టీ కప్పు మాత్రం ఉంది. అందులో ఏదీ పడలేదు, అంతే.

"ఎలా ఉందిరా?" బావ గుమ్మంలోంచి కేకేశాడు.

"బావుంది బావా. అతికినట్టు సరిపోయింది."

ఇంకో రెండుసార్లు పరిగెత్తి చూసుకుని, లోపలికొచ్చి బల్ల మీద కూర్చుని బూటు విప్పాడు.

"ఒరేయ్, ఆ మేజోడేంట్రా?" అంది అక్క.

తెల్ల మేజోడు మడమ దగ్గర ఎర్రగా తడిసిపోయింది. అతను దానివైపు, దారిలో ఎవరో పారేసుకున్న వస్తువుని చూసినట్టు చూశాడు.

"ఏమో."

బావ బూటు లాక్కుని లోపల చెయ్యి పెట్టాడు. "అబ్బా" అని వెంటనే తీసేశాడు. ఆయన వేలి చివర నెత్తుటి బొట్టు. వేలి వైపు చూసుకున్నాడు, మేజోడు వైపు చూశాడు. కింద కూర్చుని, మేజోడు లాగేసి, పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"రెండు నెల్లు."

"డాక్టరుకి చెప్పలేదా?"

"నొప్పుందా అనడిగాడు. లేదన్నాను."

బావ అతని కాలి బొటనవేలు పట్టుకుని తన గోళ్ళు తెల్లబడేదాకా నొక్కాడు. "ఇప్పుడు?"

"నొక్కుతున్నావా?"

అక్క గిన్నెలో నీళ్ళు తెచ్చి గాయం కడిగింది. "రేపక్కడ చీలమండ విరిగినా నీకు తెలీదు. విరిగిన కాలి మీదే పరిగెడతావు."

"నాలుగే కదక్కా."

"ఆ నాలుగూ తెచ్చుకుని కాలు అక్కడ వదిలేసొస్తావా?"

కాలి మీద నీళ్ళు పడుతున్నాయని చప్పుడు బట్టే తెలుస్తోంది. వేడివో చల్లవో తెలీలేదు. అడుగుదామనుకుని ఊరుకున్నాడు.

సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది.

"అన్నా, పెట్టె సర్దేశావా?" కెప్టెన్ వయసులో చిన్నవాడు. "నొప్పి లేదని కాయితం చూశాను. నీ పేరు పంపించెయ్యనా?"

మనవాడు తన పాదాన్ని చూశాడు. గుడ్డ చుట్టి బావ మోకాలి మీద ఉంది.

"నొప్పి లేదు. కాలూ లేదు."

"వేళాకోళమా అన్నా?"

"కాదు. ఇందాక మేకు గుచ్చుకుంటే తెలీలేదు. నా బదులు ఇంకొకణ్ణి తీసుకెళ్ళు. ఇక మీదటా అంతే."

"సరే అన్నా. ముందు కాలు చూపించుకో," అన్నాడు కెప్టెన్.

ఫోన్ బల్ల మీద పెట్టి, ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. హమ్మయ్య అనిపిస్తుందేమోనని చూశాడు. అదీ రాలేదు. గోడ మీది చీటీలు ఫంకా గాలికి ఊగుతున్నాయి.

అప్పుడు బావ పటకారుతో నాలుగో మేకు ఊడబెరికి, "పోనీలేవోయ్ నత్తా, కొత్త బూట్లకి చిల్లి కోసే పాపం తప్పింది నాకు," అన్నాడు. మనవాడు ఫక్కున నవ్వాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి అతనికి పొట్టలో నొప్పి తెలిసింది.

స్టంపుల దగ్గర ఎలాగూ దొరికిపోయాను గనక ఇదీ ఒప్పేసుకుంటాను. మేకు నిజం, మేజోడు నిజం, కాలూ లేదన్న మాటా నిజం. బావ వేళాకోళమూ ఆ నవ్వూ నేను వేసిన అతుకు. ఆయన ఆ సాయంత్రం ఏమీ అనలేదు. తన పెళ్ళిపీటల మీద కూడా నోరు మూసుకోని మనిషి, కోసిన తోలుముక్కని చెత్తలోంచి వెతికి తీసి, ఆ చిల్లిని కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఎదురుగా మనవాడు, పక్కన అక్క. కొట్టు కట్టేసేదాకా ముగ్గురిలో ఒక్కరూ మాట్లాడలేదు. అది ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాలేదు.