బొత్తాం పెట్టిన జేబు

నర్సు మూడో మంచం దగ్గర ఆగి, దర్జీ చేతికి పట్టీ చుట్టి మళ్లీ బీపీ చూసింది. డయాలసిస్ మిషన్ తన మానాన తాను తిరుగుతోంది. సరిగ్గా ఈ వేళకే బీపీ పడిపోయి ఆయనకు కళ్లు తేలిపోతాయి. మొన్న ఆయన కాళ్లు ఎత్తి పట్టుకునేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎంతుందమ్మా?"

"బాగానే ఉంది. కదలకండి."

పైకి అలా అంది గాని మంచం పక్కనుంచి కదల్లేదు.

కారణం మొన్ననే బయటపడింది. మిషన్ ఉన్న రోజు బీపీ మాత్ర మిషన్ అయ్యాకే వేసుకోమని డాక్టరు ఆయనకు చెప్పారు. ఆయన బుద్ధిగా తలూపి, పొద్దున్నే భార్య అరచేతిలో పెట్టిన మాత్ర గుటుక్కున మింగి వచ్చేవాడు.

"ఏం చెయ్యను?" అన్నాడు మొన్న అడిగితే. "మా ఆవిడకి చూపు ఆనదు. వంట కోడలు లాగేసుకుంది. నాకు మందులివ్వడం ఒక్కటే మిగిలింది. అదీ వద్దంటే ఏడుస్తుంది."

అప్పుడు నర్సుకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. "ఊరందరికీ కుడతారు, ఇంటికో సంచీ కుట్టలేరా? మాత్ర మాత్రకీ ఓ జేబు పెట్టండి. బీపీ మాత్ర జేబుకి మాత్రం బొత్తాం. మిషన్ రోజున అమ్మగారు ఇక్కడికొచ్చి, నేను చెప్పాకే విప్పాలి. పెత్తనం ఆవిడదే. నేనూ వేసుకుంటాను ఆ మాత్ర, దాని సంగతి నాకు తెలుసు."

"మరి మీరు వేళకి వేసుకుంటారా?"

ఆమె మాట మార్చేసింది. ఎవరి మాత్ర తిండికి ముందో, ఎవరిది తిండితోనో చెప్పీ చెప్పీ ఆమె జుట్టు నెరిసింది. తన మాత్ర మాత్రం సాయంత్రం దాకా బ్యాగు అడుగునే ఉంటుంది. వేసుకున్నావా అని అడిగే మనిషి ఇంట్లో లేదు.

ఇవాళ మిషన్ ఆగింది. బీపీ పడిపోలేదు. దర్జీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. గోడ తడుముకుంటూ వచ్చిన ఆయన భార్య, ఒళ్లో ఆయన కుట్టిన నీలం సంచీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నర్సు ఇంకోసారి బీపీ చూసింది.

"ఇప్పుడు విప్పండమ్మా."

ఆవిడ వేళ్లు బొత్తాన్ని ఇట్టే పట్టేశాయి. మాత్ర ఆయన అరచేతిలో పెట్టి, "ఊఁ, వేసుకోండి" అని గదమాయించింది. హమ్మయ్య అనుకుంది నర్సు. ఎన్నాళ్లకో ఒళ్లంతా తేలికైంది.

ఇద్దరూ చేతులు పట్టుకుని బయల్దేరారు. నర్సు దుప్పటి తీయబోతే దిండు పక్కన చిన్న సంచీ కనిపించింది.

"అమ్మగారూ, సంచీ మర్చిపోయారు!"

"అది మీదేనమ్మా," అంది ఆవిడ గుమ్మం దాటుతూ.

అదే నీలం గుడ్డ, అదే కుట్టు. ఒకే ఒక్క జేబు. దానికి బొత్తాం లేదు.