మలుపు దాకా వచ్చే బాబాయి

పొద్దున్నే కొట్టు తెరవగానే నాన్న కుట్టుమిషన్లకు నూనె వేస్తాడు, కూతురు కంప్యూటర్ ఆన్ చేసి టీ తాగేసి వస్తుంది. ఆ ముసలి కంప్యూటర్ కళ్ళు తెరవడానికి అంతసేపు పడుతుంది మరి. వాళ్ళ దగ్గర బట్టలు కుట్టించుకునే అందరి కొలతలూ దాంట్లోనే ఉన్నాయి. ఎవరి పేరు తెరిస్తే వాళ్ళు చేతిలో పని వదిలేసి కొట్టుకు వచ్చేస్తారు. బట్టలు సిద్ధమయ్యాయని కబురు పెట్టే పనే లేదు. టైలర్ పిలిచాడంటే వెళ్ళాలి కదా, ఇందులో వింతేముంది?

ఇప్పుడా కంప్యూటర్‌కి ప్రాణం మీదకొచ్చింది. ఫ్యాను గురక పెడుతోంది, తెర ఉండుండి నల్లబడుతోంది. ఇవాళ కొలతలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించకపోతే ఇక అంతే సంగతులు.

కూతురు ఒక్కో పేరూ తెరిచి ఎక్కించడం మొదలుపెట్టింది. అందరికంటే ముందున్న పేరు పోస్టుమాస్టరుగారిది. ఆయన వచ్చాడు, ఆయన వెనకే మిగతావాళ్ళు. సగంలో కొత్త కంప్యూటర్ కుప్పకూలింది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ పోస్టుమాస్టరుగారు.

"అమ్మాయ్, భోజనానికి కూర్చోవడం, మీరు పిలవడం! నీకు పుణ్యముంటుంది, నా పేరు చివర్లో పెట్టుకోవే!"

ఇలా లాభం లేదని ఫైలును రెండు ముక్కలు చేసింది. మొదటి సగం హాయిగా ఎక్కింది. కూలిన సగాన్ని మళ్ళీ ముక్కలు చేసింది. అలా చేస్తూ పోతే చివరికి ఒక్క పేరు మిగిలింది.

"నాన్నా, బాబాయి పేరు దగ్గర ఆగిపోతోంది."

నాన్న చేతిలో కత్తెర ఆగింది. ఈ కొలతల డేటాబేస్ కట్టిందే బాబాయి. ఒకసారి ఒకరి కొలతలు చూసి ఇంకొకరి కోటు కత్తిరించేశాడు. జనం ముందే నాన్న నోటికొచ్చినట్టు తిట్టాడు. బాబాయి మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

"ఛాతీ సున్నా, నడుము సున్నా, అన్నీ సున్నాలే. తానులో ఎన్ని చొక్కాలొస్తాయో లెక్కకి కొత్తది ఛాతీ కొలతతో భాగిస్తుంది కదా, సున్నాతో భాగించడం కుదరక చతికిలబడుతోంది. ఎవరు పెట్టారివి?"

"ఎవరేంటి, నేనే. ఒళ్ళు మండి పెట్టాను. వాడు నాకు లేనట్టేనని."

"ఈ ఒక్క పేరూ తీసేస్తే మిగతావన్నీ ఎక్కిపోతాయి. కానీ ఇక బాబాయిని పిలవలేం."

అప్పటిదాకా కుర్చీలో కునుకు తీస్తున్న పోస్టుమాస్టరుగారు కళ్ళు తెరిచాడు. "పిలవకపోవడమేమిటి? మీ తమ్ముడు ఇందాకట్నుంచి వస్తూనే ఉన్నాడయ్యా. మందుల షాపు మలుపు దాకా వస్తాడు, అక్కడ ఏదో తెగినట్టు వెనక్కి తిరుగుతాడు."

నాన్న టేపు మెడలో వేసుకున్నాడు. "తీసెయ్యకు. నేను మలుపు దగ్గర నిలబడతా. చెయ్యెత్తగానే ఇంకోసారి నడుపు."

ఆయన చెయ్యెత్తాడు, ఆమె నడిపింది. కంప్యూటర్ కూలింది. కిటికీలోంచి చూస్తే బాబాయి వెనక్కి తిరుగుతున్నాడు, నాన్న ఆయన చొక్కా పట్టుకున్నాడు. మాటామంతీ లేకుండా టేపు చుట్టేశాడు.

"నిటారుగా నిలబడు. పొట్ట లోపలికి పీల్చకు, దొంగవేషాలు! అమ్మాయ్, రాసుకో! ఛాతీ నలభై! నడుము నలభై రెండు!"

"అన్నయ్యా, నడుము కాస్త మెల్లిగా చెప్పు, జనం వింటున్నారు."

"విననీ. ఆ రోజు తిట్లు విన్నారుగా, ఇదీ విననీ. నా తమ్ముడు నలభై రెండు!"

సున్నాలు కొట్టేసి కూతురు అంకెలు వేసింది, కళ్ళు తుడుచుకుని బటన్ నొక్కింది. ఈసారి కూలలేదు. తల ఎత్తేసరికి బాబాయి గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడు, నేరుగా కంప్యూటర్ మీదకి వంగాడు.

"ఈ ఫైలుకి ఇంకో కాపీ తీసిపెట్టుకోలేదా ఇన్నాళ్ళూ?"

"తీసిపెట్టేవాడివి నువ్వు వెళ్ళిపోయావుగా," అన్నాడు నాన్న. తన మెడలో టేపు తీసి తమ్ముడి మెడలో వేశాడు.