బుధవారం ఒక్కపొద్దు

శనివారమైతే వెంకటరమణస్వామి, సోమవారమైతే ఈశ్వరుడు, మంగళవారం గంగమ్మ. మరి బుధవారం ఏ దేవునికి ఒక్కపొద్దు ఉంటారు? తెల్ల యూనిఫారం చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆలోచిస్తున్న గంగప్ప వేళ్లు చివరి గుండీ దగ్గర ఆగిపోయాయి. మాజీ చైర్మన్ ప్రసాదరావు మదనపల్లె ఆసుపత్రిలో పోయాడని ఇప్పుడే కబురొచ్చింది. కంట్లో నీళ్లింకా రాలేదు. మనసు మాత్రం, సమాధి చేసి వచ్చాక ఆ ఇంట్లో భోజనం తప్పించుకునే సాకు అప్పుడే వెతుకుతోంది.

పుంగనూరు మున్సిపాలిటీకి ఆయన మూడుసార్లు చైర్మన్. ఆ ఏళ్లన్నీ ఆయన కుర్చీ వెనక నిలబడ్డ అటెండరు గంగప్ప. ఆయన కళ్లజోడు తన చొక్కా అంచుతో తుడిచేవాడు. జ్వరమొస్తే కాళ్లు పట్టాడు. చర్చివీధిలో పుట్టినవాడని ఆయన్ను తానెన్నడూ చిన్నచూపు చూడలేదనుకునేవాడు. అన్నం దగ్గర మాత్రం గొంతు బిగుసుకునేది. ఆ బిగువు ఎవరు నేర్పారో కూడా గుర్తులేదు.

క్రిస్మస్‌కు పిలిచినా, కూతురి పెండ్లికి పిలిచినా "ఒక్కపొద్దు సార్" అనేవాడు. అన్నమాట అబద్ధం కాకూడదని ఆ రోజంతా నిజంగానే పస్తుండేవాడు. సాయంత్రానికి కడుపు మండుతుంటే, తప్పేదో తీరిపోయినట్టు హాయిగా ఉండేది.

"నా ఇంట్లో పొయ్యి ఎలిగిస్తేనే మీ దేవుళ్లకు నువ్వు గుర్తొస్తావేమప్పా!" అని ఆయన నవ్వేవాడు. గంగప్ప కూడా నవ్వేవాడు.

సమాధుల తోటలో అలవాటు కొద్దీ శవపెట్టెకు వెనకగానే నిలబడ్డాడు. మట్టి వేసి, జనంతోపాటు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లోపల చర్చివాళ్లు వండి తెచ్చిన అన్నం, పప్పు వడ్డిస్తున్నారు. అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ తెస్తోంది ప్రసాదరావు కూతురు ఫ్లారెన్స్.

"గంగప్పకు మన టీ ఇయ్యొద్దు పాపా," లోపలినుంచి ఆమె తల్లి మేరమ్మ గొంతు వినిపించింది. "మూల హోటల్లో పేపర్ కప్పులో తెప్పీ. మీ నాయన ఎప్పుడూ అట్లే గదా. 'ఆయప్పను ఇబ్బంది పెట్టొద్దండి' అనేవాడు."

గంగప్పకు ఒళ్లంతా వేడెక్కింది. పొద్దున్నే ఫైళ్లు తెస్తే ఈ ఇంట్లో తనకెప్పుడూ హోటల్ టీనే. 'నాకోసం సార్ ప్రత్యేకంగా తెప్పిస్తాడు' అని ఆఫీసులో ఎన్నిసార్లు గొప్పలు పోయాడో! మేరమ్మ గొంతులో ఎగతాళి లేదు. ఉండుంటే బాగుండేది, కోపమైనా తెచ్చుకునేవాడు. ఆయన అంతా తెలిసే నవ్వాడు. తన సిగ్గును కూడా ఇన్నేళ్లూ ఆయనే మోశాడు.

కాగితం కప్పు వచ్చింది. దాన్ని అరుగు మీద పెట్టి లేచాడు. గడప దగ్గర కాలు ఒక్కసారి ఆగింది. దాటాడు.

"అమ్మా, ఇంత అన్నం పెట్టు."

మేరమ్మ ఎర్రబడ్డ కళ్లు ఎత్తి చూసింది. "ఈ పొద్దు ఒక్కపొద్దు లేదా అప్పా?"

"ఎప్పుడూ లేదమ్మా."

మేరమ్మ చాప మీద పక్కకు జరిగి విస్తరాకు పరిచింది. పప్పు పోసింది. ముద్ద కలపడానికి గంగప్పకు చాలాసేపు పట్టింది. గొంతు ఎప్పటిలాగే బిగుసుకుంది. తల దించుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, మింగాడు.